పిల్లి తుమ్మితే ఇంటి వైద్యం చేయవచ్చునా?

ఆయుర్వేద వైద్యునికి పాఠకులు వ్రాసే ఉత్తరాలలో కీళ్ళనొప్పులు, ఉబ్బసం, మలబద్ధకం నిత్యం కనిపించేవే. ఈ మధ్య వాటి నడుమ పెంపుడు పిల్లులు కూడా వచ్చి చేరాయి. రాజమహేంద్రవరం నుంచి ఒక గృహిణి, "మా పిల్లికి వారం రోజులుగా తుమ్ములు తగ్గడం లేదు. తులసి, మిరియాల కషాయం ఎంత మోతాదులో పట్టించమంటారు?" అని అడిగారు. హైదరాబాదు నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, "పిల్లికి పచ్చిమాంసమే ప్రకృతిసిద్ధమైన ఆహారమని మా అబ్బాయి వాదిస్తున్నాడు. దీనికి ఆయుర్వేద సమ్మతి ఉన్నదా?" అని వ్రాశారు. ఈ ప్రశ్నలు వేరువేరుగా కనిపించవచ్చును గాని, రెండింటికీ సమాధానం నాకు ఒకే పిల్లిపిల్ల నేర్పింది. నేర్పిన తీరు నాకు గౌరవం తెచ్చేది కాదు. అయినా దాచకుండా చెప్పడమే ఈ ఉత్తరాలు వ్రాసినవారికి ఉపకరిస్తుందని తలచి చెబుతున్నాను.

నా చేతి పొరపాటు

2022 వర్షాకాలంలో కొన్నాళ్ళు హైదరాబాదులో మా అమ్మాయి ఇంట ఉన్నాను. అపార్టుమెంటు సెల్లారులో దొరికిన పిల్లిపిల్లను మా మనుమరాలు పెంచుకుంటున్నది. దాని వయస్సు అప్పటికి సుమారు నాలుగు మాసాలు. పేరు చిట్టి. ఒకనాడు ఉదయం నుంచి దానికి ఆగకుండా తుమ్ములు మొదలయ్యాయి. కళ్ళ వెంట, ముక్కు వెంట నీరు కారుతున్నది. "తాతయ్యా, నువ్వు అందరికీ జలుబు తగ్గిస్తావు కదా, దీనికీ ఏదైనా చెయ్యవూ" అని పిల్ల అడిగింది.

నలభై ఏళ్ళకు పైగా నాడి పట్టిన చేయి నాది. ఇంతోటి పిల్లిపిల్ల జలుబు ఒక లెక్కా అనుకున్నాను. వేడినీళ్ళ గిన్నెలో నీలగిరి తైలం కొన్ని చుక్కలు, ఒక కర్పూరపు బిళ్ళ వేసి, పిల్లిని వెదురు బుట్టలో ఉంచి, పైన దుప్పటి కప్పి ఆవిరి పట్టించాను. చాలదన్నట్లు మెడ దగ్గర వెంట్రుకల మీద ఒక తైలపు చుక్క రుద్దాను. మనిషికి ఇందువలన హాయి కలుగుతుంది. పిల్లికి అరగంట తిరగకముందే నోటి వెంట చొంగ కారసాగింది. నిలబడబోయి తూలింది. ఒళ్ళంతా వణుకు పట్టుకుంది. మనుమరాలు ఏడవలేదు, నా ముఖం వంక చూస్తూ నిలబడింది. ఆ చూపును నేను నేటికీ మరువలేదు.

ఆటోలో దగ్గరలోని పశువైద్యురాలి వద్దకు తీసుకుని వెళ్ళాము. ఆమె ముందుగా గోరువెచ్చని సబ్బునీటితో దాని మెడమీది తైలాన్ని కడిగివేసింది. తడి ఆరబెట్టి, వెచ్చగా గుడ్డలో చుట్టి, ప్రాణవాయువు పెట్టి, చర్మం క్రిందకు సెలైను ఎక్కించింది. అటు తరువాత నా వైపు తిరిగి, "డాక్టరుగారూ, పెద్దవారు, చెప్పడానికి మొహమాటంగా ఉన్నది. పిల్లి ఒంటిమీద ఏది పడినా నాకి మింగేస్తుందండీ. దాని కాలేయానికి ఇటువంటి తైలాలను విరిచి బయటకు పంపే శక్తి చాలా తక్కువ. మనకు మందైనది దానికి విషం" అన్నది. నా కుమార్తె కంటే చిన్నది. ఆమె చెప్పిన మాటలో ఒక్క అక్షరం కూడా తీసివేయదగినది లేదు.

అంతటితో అయిపోలేదు. ఊపిరితిత్తులలో నెమ్ము చేరినదేమోనని ఛాతీకి ఎక్స్-రే తీసింది. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి. కాని ఫిలిములో పక్కటెముకలు, ముందరి కాళ్ళ ఎముకలు తెల్లగా, స్పష్టంగా కనిపించవలసింది పోయి పల్చని నీడల వలె ఉన్నాయి. "దీనికి ఏం పెడుతున్నారు?" అని అడిగింది. మా అమ్మాయి కొంచెం గర్వంగానే చెప్పింది. అమెరికాలోని మా అల్లునిగారి అన్నగారింట పిల్లులకు పచ్చిమాంసం తప్ప మరేదీ పెట్టరట. వారిని చూసి వీరు కూడా రెండు నెలలుగా ఎముక లేని పచ్చి కోడిమాంసం, అదీ ఛాతీ ముక్క మాత్రమే తెచ్చి పెడుతున్నారు. రాత్రిపూట కాసిని గేదెపాలు. పశువైద్యురాలు తల పంకించి, "మాంసం పెట్టడం మంచిదే. మాంసం మాత్రమే పెట్టడం వలన వచ్చిన జబ్బు ఇది" అన్నది.

ఆ విధంగా ఒకే పూట, ఒకే బల్లమీద మా ఇంటి రెండు అజ్ఞానాలు బయటపడ్డాయి. ఒకటి నాది, రెండవది మా అమ్మాయిది.

తుమ్ము వెనుక ఏమున్నది?

తుమ్మును మన శాస్త్రం క్షవథు అంటుంది. చరకుడు ఆపకూడని సహజ వేగాలు 13 అని చెప్పి, వాటిలో తుమ్మును కూడా చేర్చాడు. ముక్కులో చేరినదానిని బయటకు నెట్టడానికి శరీరం చేసే ప్రయత్నం అది. మన ఇళ్ళలో తుమ్మును శకునంగా చూసి ప్రయాణం ఆపుకుంటాము. పిల్లి ఎదురైనా ఆపుకుంటాము. ఇక పిల్లే తుమ్మితే ఏమి చేయాలో మన పెద్దలు చెప్పినట్లు లేదు. కాని లక్షణంగా చూస్తే పిల్లి తుమ్ముకు చాలా అర్థం ఉన్నది.

అప్పుడప్పుడు ఒకటి రెండు తుమ్ములు తుమ్మి, తిండి తింటూ ఆడుకునే పిల్లిని గురించి బెంగపడనక్కరలేదు. ముందుగా ఇంటిలోని పొగలను చూసుకోవాలి. అగరువత్తులు, సాంబ్రాణి, దోమల చుట్టలు, తాళింపు ఘాటు, గదిలో చల్లే సుగంధాలు పిల్లి ముక్కుకు మనకంటే ఎక్కువ బాధ కలిగిస్తాయి. మా మిత్రులొకరి ఇంట పూజగది పక్కనే పిల్లి పడక ఉండేది. పడకను మార్చిన వారానికి దాని తుమ్ములు పోయాయి. బీరువాలలో, స్నానాలగదిలో వేసే కలరా ఉండలను కూడా పిల్లి ఉన్న ఇంట ఉంచకూడదు. అవి తుమ్ములకే కాక ప్రాణానికే ముప్పు.

తుమ్ములతో పాటు కళ్ళు కలగడం, ముక్కు కారడం, జ్వరం, నీరసం ఉంటే చాలామట్టుకు అది వైరస్ వలన వచ్చిన జలుబు. పిల్లులలో ఈ విధమైన జలుబుకు ముఖ్యంగా రెండు వైరస్‌లు కారణం: ఒకటి పిల్లుల హెర్పిస్ వైరస్, రెండవది కాలిసి వైరస్. కాలిసి వచ్చినప్పుడు నాలుకపైన పుండ్లు పడి, పిల్లి తిండి దగ్గరకు వచ్చి కూడా వెనుదిరిగిపోతుంది. హెర్పిస్ కంటిపాపపైన పుండును కలిగించగలదు. ఈ రెండూ ఒక పిల్లి నుంచి మరొక పిల్లికి సోకేవే గాని మనుష్యులకు సోకేవి కావు. సాధారణంగా వారం పది రోజులలో ఉద్ధృతి తగ్గుతుంది. కాని హెర్పిస్ ఒకసారి ప్రవేశించినదంటే నరాల ముడులలో దాగి జీవితాంతం ఉండిపోతుంది. ఇల్లు మారినా, క్రొత్త పిల్లి వచ్చినా, చుట్టాల సందడి ఎక్కువైనా, ఆ దిగులుకు వైరస్ తిరిగి తల ఎత్తుతుంది. "మా పిల్లికి ప్రతి పండుగకూ జలుబు చేస్తుంది" అని కొందరు చెప్పేదానిలో అసత్యం లేదు.

వైరస్‌ను చంపే శక్తి యాంటీబయాటిక్ మందులకు లేదు. చీమిడి పచ్చగా, చిక్కగా మారి బాక్టీరియా చేరిందని తోచినప్పుడు మాత్రమే పశువైద్యులు వాటిని ఇస్తారు. అందులో డాక్సీసైక్లిన్ మాత్ర ఇస్తే, మింగించిన వెంటనే కొద్దిగా నీరు గాని, ఆహారం గాని ఇవ్వాలి. పొడి మాత్ర అన్నవాహికలో చిక్కుకుని పుండు చేస్తుంది. లైసిన్ అనే పొడి పిల్లి జలుబుకు మంచిదని ఒకప్పుడు విరివిగా వాడేవారు. అంతవరకు జరిగిన పరిశోధనలన్నిటినీ 2015 లో సమీక్షించి, దానివలన ప్రయోజనం లేదని తేల్చారు.

ఒక ముక్కు నుంచే కారుతుంటే మాత్రం వైరస్ అని సరిపెట్టుకోరాదు. గడ్డిపోచ ఇరుక్కోవడం, పైదంతం వేరులో చీము, ముక్కు లోపలి కంతి, బూజు జాతి వ్యాధి వంటివి ఒక ప్రక్కనే కనిపిస్తాయి. నెత్తురు పడినా, పిల్లి నోరు తెరిచి ఊపిరి తీసుకున్నా, తుమ్ములు రెండు వారాలు దాటినా ఆలస్యం చేయకుండా చూపించాలి.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి తిండి. పిల్లి కంటితో చూసి కాక ముక్కుతో వాసన చూసి తింటుంది. ముక్కు మూసుకుపోతే దానికి ఆహారం ఆహారంగా తోచదు. మనుష్యులకు జ్వరంలో లంఘనం పరమౌషధమని మేము చెబుతాము. పిల్లికి ఆ సూత్రం వర్తించదు. అందునా లావుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు తిండి మానినదంటే ఒంటిలోని కొవ్వంతా కాలేయానికి చేరి ప్రాణాపాయం కలుగుతుంది. పెద్ద పిల్లి ఒక రోజు పూర్తిగా తినకపోయినా, పసిపిల్ల ఒక పూట తినకపోయినా వైద్యుని దగ్గరకు వెళ్ళవలసినదే.

ఇంటిలో చేయదగినవి, చేయరానివి

పశువైద్యురాలు చెప్పగా మా ఇంట ఆచరించినవే ఇక్కడ చెబుతున్నాను. స్నానాలగదిలో వేడినీళ్ళు పట్టి, గది ఆవిరితో నిండిన తరువాత పిల్లిని ఒళ్ళో పెట్టుకుని పది పదిహేను నిమిషాలు కూర్చోవాలి. నీళ్ళలో ఏమీ వేయరాదు. ఒట్టి ఆవిరి చాలు. ముక్కులో గట్టిపడినది కరుగుతుంది. అర లీటరు నీటిని కాచి చల్లార్చి, చెంచాకు కొంచెం తక్కువగా ఉప్పు కలిపి, ఆ నీటిలో దూదిని ముంచి కళ్ళను, ముక్కును మెల్లగా తుడవాలి. ఒక కంటికి వాడిన దూదిని రెండవ కంటికి వాడకూడదు. ఆహారాన్ని ఒంటి వేడికి సరిపడా వెచ్చచేసి పెడితే వాసన లేచి, మూసుకున్న ముక్కుకు కూడా కొంత అందుతుంది. ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు, కారం వేయకుండా కోడిని ఉడికించిన నీరు కొద్దిగా కలిపితే ఇష్టంగా నాకుతుంది. ఇంట మరొక పిల్లి ఉంటే గిన్నెలు, పడక వేరు చేయాలి.

ఇక చేయరానివి. మన వంటింటి మందులపెట్టె చాలా భాగం పిల్లికి నిషిద్ధం. నీలగిరి తైలం, కర్పూరం, పుదీనా పువ్వు, వాము పువ్వు, జలుబుకు రాసుకునే బామ్‌లు, వీటిలో ఏదీ దాని ఒంటికి తగలరాదు. ఉల్లి, వెల్లుల్లి పచ్చివైనా ఉడికినవైనా పిల్లి నెత్తురులోని ఎర్రకణాలను పగులగొట్టి పాండురోగాన్ని కలిగిస్తాయి. జ్వరానికి ఇంట ఉండే పారాసిటమాల్ బిళ్ళ ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం తీయడానికి. ముక్కలో సగం ఇచ్చినా అదే ఫలితం రావచ్చును. ఈ ఒక్క వాక్యం కోసమే ఈ వ్యాసం వ్రాసినా తప్పు లేదనుకుంటాను, ఎందుకంటే ప్రేమతో ఇచ్చిన బిళ్ళే ఎక్కువగా చంపుతుంది.

మా ఆయుర్వేదం తెలిసిన పాఠకులకు మరొక హెచ్చరిక. జలుబుకు నస్యం మంచిదని పిల్లి ముక్కులో నేతిని గాని, అణుతైలాన్ని గాని వేయవద్దు. మనిషి తల వెనుకకు వాల్చి చెప్పినట్లు పీలుస్తాడు. పిల్లి పెనుగులాడుతుంది. తైలం ఊపిరితిత్తులలోకి జారి నెమ్ముకు దారితీస్తుంది. రాజమహేంద్రవరం సోదరికి కూడా నా సమాధానం ఇదే: అమ్మా, తులసి మిరియాల కషాయం మీరు త్రాగండి. పిల్లికి వద్దు.

ఆయుర్వేదం వాడే నేను ఇలా వ్రాయడం కొందరికి వింతగా ఉండవచ్చును. మన పూర్వులు ఏనుగులకు పాలకాప్యుని పేర, గుర్రాలకు శాలిహోత్రుని పేర వేరువేరుగా శాస్త్రాలు నిర్మించుకున్నారు. మనిషి కషాయాన్నే నాలుగు పాళ్ళు పెంచి ఏనుగుకు పొయ్యమనలేదు. జంతువును బట్టి వైద్యం మారుతుందన్న జ్ఞానం మన సంప్రదాయంలోనే ఉన్నది. ఆ రోజు నేను దానిని మరచిపోయాను.

కోనసీమలోని పిల్లి ఏం తిన్నది?

ఇప్పుడు రెండవ ప్రశ్నకు వద్దాము. 1970వ దశకంలో నేను కోనసీమలో గురువుగారి ఇంట ఉండి చదువుకున్నాను. శుద్ధ శాకాహారుల ఇల్లు. పెరటి వసారాలో ఒక బూడిదరంగు పిల్లి ఉండేది. అమ్మగారు సంధ్యవేళ కొబ్బరిచిప్పలో పాలన్నం పెట్టేవారు. అది నాలుగు నాకులు నాకి, మిగిలినది కాకులకు వదిలేది. మేమంతా ఆ పిల్లి పాలన్నంతో బ్రతుకుతున్నదనే అనుకునేవాళ్ళం. సాత్త్వికాహారం తిని సాధువైన పిల్లి అని ఒక సహాధ్యాయి శ్లోకం కూడా అల్లాడు. గాదె క్రింద, అటక మీద, వడ్లపురి పక్కన రాత్రంతా అది చేసే పనిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. పాలన్నం దానికి ఉపాహారం. ఎలుక భోజనం.

చరకుడు మాంసవర్గంలో జంతువులను విభజించినప్పుడు పిల్లిని ప్రసహములలో, అనగా ఆహారాన్ని బలవంతంగా లాక్కుని తినే జాతిలో, సింహం, పెద్దపులి సరసన చేర్చాడు. ఆధునిక శాస్త్రం కూడా పిల్లి మాంసం లేనిదే బ్రతకలేని జంతువనే చెబుతుంది. కుక్క మనతో పాటు అన్నానికి కొంత అలవాటు పడింది, పిల్లి పడలేదు. దానికి తీపి రుచి కూడా తెలియదు. తీపిని గుర్తించే జన్యువు పిల్లిజాతిలో చెడిపోయి ఉన్నదని 2005 లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో మోనెల్ పరిశోధనా సంస్థ వారు కనుగొన్నారు. పాయసం గిన్నెలో మూతి పెట్టే పిల్లి పాలలోని కొవ్వు కోసం వస్తున్నదే గాని బెల్లం కోసం కాదు.

ఎలుకను పిల్లి ఏ విధంగా తింటుందో చూసినవారికి సమతులాహారం అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. కండ ఒక్కటే ఏరుకుని తినదు. చిన్న చిన్న ఎముకలు నమిలి మ్రింగుతుంది. సున్నము, అనగా కాల్షియం, అక్కడ దొరుకుతుంది. కాలేయం నుంచి విటమిన్ 'ఏ' దొరుకుతుంది. మనము క్యారెట్టు తిని ఆ విటమిన్‌ను ఒంటిలో తయారు చేసుకోగలము, పిల్లి చేసుకోలేదు. గుండె, కండరాల నుంచి టారిన్ అనే పదార్థం వస్తుంది. ఎలుక దేహంలో మూడింట రెండు పాళ్ళు నీరే గనుక దప్పిక కూడా అక్కడే తీరుతుంది. పిల్లి పూర్వికులు పశ్చిమాసియా, ఉత్తరాఫ్రికా పొడినేలల్లో తిరిగిన అడవిపిల్లులు. అందుకే నేటికీ అవి నీటిగిన్నె దగ్గరకు తక్కువగా వెళతాయి, ఒట్టి గింజల ఆహారం మీద ఉన్నవాటికి మూత్రవ్యాధులు వస్తే తడి ఆహారం పెట్టమంటారు.

టారిన్ కథ ప్రత్యేకంగా చెప్పవలసినది. కాలిఫోర్నియాలో పాటెంజర్ అనే వైద్యుడు 1932 నుంచి 1942 వరకు పిల్లులపై ప్రయోగాలు చేశాడు. పచ్చిమాంసం తిన్న పిల్లులు తరతరాలుగా ఆరోగ్యంగా ఉన్నాయి. వండిన మాంసం తిన్నవి క్షీణించాయి. దానితో వంటలోనే దోషమున్నదని చాలామంది నమ్మారు. పచ్చిమాంసవాదులు నేటికీ ఈ ప్రయోగాన్నే చూపుతారు. పిల్లికి టారిన్ తప్పనిసరి అని ఆనాటికి ఎవరికీ తెలియదు. అది లోపిస్తే పిల్లి కంటిపొర క్షీణించి చూపు పోతుందని 1975 లోను, గుండె సాగి బలహీనపడుతుందని, టారిన్ ఇస్తే ఆ గుండె తిరిగి కోలుకుంటుందని 1987 లోను తేలింది. మాంసాన్ని ఉడికించి ఆ నీటిని పారబోస్తే టారిన్‌లో ఎక్కువ భాగం నీటితో పోతుంది. కనుక అగ్నిని నిందించడం కంటే, పారబోసిన నీటిని గురించి ఆలోచించడం మంచిది.

మా చిట్టి విషయంలో లోపించినది కాల్షియం. ఎముక లేని మాంసంలో భాస్వరం చాలా ఎక్కువ, కాల్షియం అత్యల్పం. పదిహేను ఇరవై పాళ్ళకు ఒక పాలు. పెరిగే పిల్లకు ఈ రెండూ దాదాపు సమానంగా, కాల్షియం ఒక పిసరు ఎక్కువగా కావాలి. నెత్తురులో కాల్షియం పడిపోతే దేహం ఊరుకోదు. ఎముకల నుంచి కరిగించి తెచ్చుకుంటుంది. రెండు నెలలుగా చిట్టి తన ఎముకలను తానే తింటున్నదని పశువైద్యురాలు చెప్పినప్పుడు మా అమ్మాయి ముఖం పాలిపోయింది. మంచి తిండి పెడుతున్నామని, కిలో ఇంత అని లెక్క చూడకుండా కొని తెచ్చింది పాపం.

పచ్చిమాంసం పెట్టదలచినవారికి

పచ్చిమాంసం ప్రకృతిసిద్ధమే, కాదనను. కాని పిల్లి పట్టిన ఎలుక అప్పటికప్పుడు చచ్చినది, పూర్తి దేహం కలది. బజారు మాంసం కోసి గంటలైనది, పది చేతులు మారినది, అందులోను ఒక భాగం మాత్రమే. సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవులు పిల్లిలో ఏ బాధా కలిగించకుండానే దాని మలం ద్వారా ఇంటిలోని పసిపిల్లలకు, వృద్ధులకు చేరవచ్చును. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గర్భిణులకు ప్రమాదకరం. వీటికి తోడు ఇప్పుడు బర్డ్ ఫ్లూ వచ్చింది. 2023 లో పోలండులో అనేక పెంపుడు పిల్లులు దీనితో మరణించాయి. 2024 డిసెంబరులో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో, గడ్డకట్టించి అమ్మిన పచ్చి టర్కీకోడి ఆహారం తిన్న పిల్లి ఇదే వ్యాధితో చనిపోయింది. 2025 ఆరంభంలో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పెంపుడు పిల్లులలోను, అటు వెంటనే మన గోదావరి జిల్లాల కోళ్ళఫారాలలోను ఈ వైరస్ బయటపడింది. ఫ్రిజ్‌లో గడ్డకట్టించినంత మాత్రాన ఈ వైరస్ చావదు. వండితే చస్తుంది.

కాబట్టి ఉపాధ్యాయులవారికి నా సలహా ఏమనగా, మీ అబ్బాయి చెప్పిన దానిలో మాంసం అన్న మాట సత్యం, పచ్చి అన్న మాట ఈ రోజులలో అవసరం లేదు. కొద్దినీటిలో లోపలి ఎరుపు పోయేవరకు ఉడికించి, ఆ నీటిని పారబోయకుండా మాంసంలోనే కలిపి చల్లార్చి పెట్టండి. ఎముకలను మాత్రం వండి పెట్టరాదు. వండిన ఎముక సూదిగా చీలి ప్రేగులకు గుచ్చుకుంటుంది.

పెద్ద పిల్లికి ఇంటిలో తయారు చేసే ఆహారం ఏ తీరున ఉంటుందో స్థూలంగా చెబుతాను. కిలో మాంసం అనుకుంటే, అందులో అధిక భాగం చర్మంతో కూడిన కోడి తొడ ముక్కలు ఉండాలి. ఛాతీ ముక్కలో కంటే అక్కడ టారిన్ హెచ్చు. 150 గ్రాములు గుండెకాయలు, 50 గ్రాములు కార్జం. కార్జం అంతకు మించరాదు. రుచి మరిగి కార్జం మాత్రమే తినే పిల్లికి విటమిన్ 'ఏ' విషంగా మారి మెడ ఎముకలు అతుక్కుపోతాయి. కోడిగుడ్డు పెంకులను ఉడికించి, ఎండబెట్టి, మెత్తగా నూరి వస్త్రఘాళితం పట్టిన పొడి ఒక చెంచా. టారిన్ పొడి 2 గ్రాములు; ఇది వేడికి పెద్దగా చెడదు గాని చల్లారిన తరువాత కలపడం మేలు. ఇంకా విటమిన్ 'ఇ', బి విటమిన్లు, అయొడిన్, చేపనూనె కావాలి. వాటి కొలతలు పిల్లి బరువు, వయస్సు చూసి పశువైద్యులు చెప్పవలసినవి గనుక ఇక్కడ వ్రాయడం లేదు. నాలుగు కిలోల పిల్లి రోజుకు 120 నుంచి 150 గ్రాముల వరకు తింటుంది.

పచ్చి చేపను రోజూ పెట్టడం మంచిది కాదు. కొన్ని చేపలలో ఉండే పదార్థం విటమిన్ బి1 ను నాశనం చేస్తుంది. పిల్లి మెడ వ్రేలాడవేసి తూలుతుంది, మూర్ఛలు వస్తాయి. ఉడికించిన చేపకు ఆ దోషం లేదు. పాలు చాలా పెద్ద పిల్లులకు అరగవు, విరేచనాలు అవుతాయి. పిల్లి కళ్ళు మూసుకుని పాలు త్రాగుతుందని సామెత ఉన్నది గదా అని ఆ పాలనే ఆహారంగా నిర్ణయించవద్దు.

ఇంత శ్రమ పడలేనివారికి బజారులో దొరికే పిల్లుల ఆహారం నిషిద్ధం కాదు. పొట్లం మీద సంపూర్ణ సమతులాహారం అని, ఏ వయస్సుకో వ్రాసి ఉన్నదేమో చూసి కొనాలి. నిలవ పదార్థాలంటే నాకు సహజంగా ఇష్టం లేదు. కాని లెక్కలేని ఇంటివంట కంటే లెక్కగల పొట్లమే నయమని చిట్టి ఎక్స్-రే చూసిన నాటి నుంచి ఒప్పుకుంటున్నాను. మాంసం ఇంట అడుగు పెట్టరాదనుకునే కుటుంబాలకు కూడా ఈ మార్గమే కొంత సులభం. పిల్లికి కూడా శాకాహారమే పెట్టాలనే పట్టుదల ఉంటే కుందేలును పెంచుకోవడం ఉభయులకూ క్షేమం.

టీకా సంగతి ఒకటి మిగిలింది. హెర్పిస్, కాలిసి, మరొక ప్రాణాంతకమైన విరేచనాల వ్యాధి, ఈ మూడింటికీ కలిపి ఒకే టీకా ఉన్నది. పిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకసారి చొప్పున పదహారు వారాలు నిండేవరకు వేయిస్తారు. జలుబును పూర్తిగా రానీయకుండా ఆపలేకపోయినా ఉద్ధృతిని బాగా తగ్గిస్తుంది.

చిట్టి ఆ రాత్రి పశువైద్యశాలలోనే ఉన్నది. మరునాడు మధ్యాహ్నానికి వణుకు తగ్గి, వెచ్చచేసిన ఆహారం రెండు చెంచాలు తిన్నది. ఎముకలు గట్టిపడేవరకు ఎక్కి దూకకుండా రెండు నెలలు పంజరంలో ఉంచాము. మనుమరాలు బడి నుంచి రాగానే ఆ పంజరం పక్కనే చాప వేసుకుని హోమువర్కు చేసుకునేది. తరువాతి ఎక్స్-రేలో ఎముకలు ఎముకల వలె కనిపించాయి.

ఇప్పుడది నాలుగు కిలోల పైనే తూగుతుంది. వర్షాకాలంలో, చుట్టాలు వచ్చినప్పుడు, నాలుగు రోజులు తుమ్ముతుంది. మా అమ్మాయి స్నానాలగదిలో వేడినీళ్ళు త్రిప్పి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. నేను వెళ్ళినప్పుడు చిట్టి నా దగ్గరకు వస్తుంది, కాళ్ళకు రాసుకుంటుంది కూడా. మందులపెట్టె మూత తీశానో, నీలగిరి తైలం వాసన తగిలి, తోక ఎత్తుకుని ప్రక్కగదిలోకి వెళ్ళిపోతుంది. "తాతయ్యా, ముందు పెట్టె మూసెయ్" అంటుంది మనుమరాలు.